పట్టేసిన వెనక చక్రం

మా అన్న దినాలు అయిన మర్నాడు వ్యాను కదలలేదు. ఇంజను మొదటి దెబ్బకే అందుకుంది గానీ, గేరు వేస్తే ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వెనక నుంచి తోస్తే ఎడమ వెనక చక్రం తిరగకుండా మట్టిలో ఈడ్చుకుపోయింది.

నంగునూరు చుట్టుపక్కల పిల్లలను అన్న ఆ పాత వ్యానులోనే సిద్దిపేట బడికి తీసుకుపోయేవాడు. ఇక తానే నడుపుతానంది వదిన. అన్నే నేర్పాడు. తెల్లవారితే సోమవారం. అప్పుడు కూడా బండి రాకపోతే వేరే బండి మాట్లాడుకుంటామని పిల్లల తల్లిదండ్రులు చెప్పేశారు. వదినకు ఇంకో బతుకుదెరువు లేదు.

పెద్దమ్మ చక్రాన్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వాని పానం గీ బండి మీదనే ఉన్నది బిడ్డా. దినాల నాడు పిట్టకు పెట్టిన బువ్వ ముట్టకుంటే మాటిస్తం గద, గట్లనే మాటియ్యుండ్రి. ఇడుస్తడు."

వదిన నిజంగానే చెంబెడు నీళ్లు తెచ్చి చక్రం మీద పోసి దండం పెట్టింది. "బండి ఎవ్వలకు అమ్మ. నేనే నడుపుత. ఇడువు" అంది.

నాకు ఒళ్లు మండింది. నీళ్లతో బండికి వచ్చిన రోగానికి మళ్లీ నీళ్లా! ఆ కోపం తప్ప ఇన్ని రోజులుగా నాలో ఇంకేమీ లేదు. చితి దగ్గర కూడా కళ్లు తడవలేదు.

దవాఖాన నుంచి అన్నను ఆ వ్యానులోనే తెచ్చాం. శవం ఎక్కిన బండి కదా, లోపలా బయటా పసుపునీళ్లతో కడిగారు. వాకిలి వాలుగా ఉందని ఎవరో హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగారు. దినాలు అయ్యేదాకా ఎవరూ ముట్టలేదు. చక్రానికి ఇనుప డ్రమ్ము ఉంటుంది. దాన్ని లోపలి నుంచి ఒత్తి ఆపేవి లైనర్లు. అవి తడిసి, అన్నాళ్లు అదిమి ఉంటే తుప్పుతో అతుక్కుపోతాయి. ఆటో నడిపేవాణ్ణి, వానాకాలంలో ఎన్నిసార్లు చూడలేదు!

హ్యాండ్ బ్రేకు ముందే దించాం, కింద చూస్తే దాని తీగ కూడా వదులుగానే ఉంది. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి వెనక జాకీతో లేపాను. కుడి చక్రం చేత్తో తిప్పితే తిరిగింది. ఎడమది ససేమిరా అంది. దాన్ని ఊడదీసి, డ్రమ్ము అంచున కట్టె ముక్క ఆనించి సుత్తితో చుట్టూ కొట్టాను. కాసేపటికి టక్కుమని వదిలింది.

"ఇడిసిండు!" అంది పెద్దమ్మ.

డ్రమ్ము లాగితే లోపల ఆయిలు కారిన జాడ లేదు. ఎర్రటి పొడి, అంతే. తడిగుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, అంతా బిగించాను. వదిన స్టీరింగు ముందు కూర్చుని బ్రేకు తొక్కమంటే తొక్కింది, వదలమంటే వదిలింది. చక్రం చక్కగా ఆగింది, చక్కగా తిరిగింది. తెల్లారి బండి బడికి పోతుంది.

వదిన దిగి వచ్చాక ఆ గుడ్డ ఆమె ముందు విప్పాను.

"సూడు వదినా. తుప్పు. దీంట్ల అన్న లేడు, ఎవ్వలు లేరు. ఉత్త తుప్పు."

పందెం గెలిచినవాడిలా అన్నాను. ఆమె ఆ ఎర్రటి మరకను వేలితో ముట్టి చూసింది.

"గట్లయితే నేనన్న మాట ఆయన ఇనలేదా?"

"లేదు వదినా."

"అంటే ఎల్లిపోయిండా?"

తల ఊపి ఊరుకుందామనుకున్నాను. ఆమె నా నోటి వైపే చూస్తోంది.

"పోయిండు" అన్నాను. ఇన్ని రోజుల్లో ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి.