ఆమె అడగని ప్రశ్న

ఆ రోజుల్లో నాకు లోకంలో ప్రతి విషయం తెలుసుకోవాలనే ఉండేది. పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళ కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో కూడా లెక్క ఉండేది నా దగ్గర. అలాంటిదానికి దేవుడు ఏరి కోరి, ప్రశ్న అడగకూడని ఉద్యోగం ఇచ్చాడు. పెళ్ళై డాలస్ పక్కన ఊరికి వచ్చిన రెండేళ్ళకు వర్క్ పర్మిట్ చేతికొచ్చి, ఆ ఉద్యోగం దొరికింది. ఇంగ్లీషు రాని తల్లిదండ్రులను హైస్కూల్‌కి పిలిచినప్పుడు మధ్యలో మాట అందించే పని అది (ఫోన్‌లో విని మా తాతయ్య, "దుబాసీవయ్యావన్నమాట" అని మురిసిపోయాడు). ట్రైనింగ్‌లో నేర్పిన రూలు ఒక్కటే. అన్నది అన్నట్టు చెప్పాలి, సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు.

నాకు తగిలిన మొదటి సస్పెన్షన్ కేసు స్కూల్ బ్యాండ్‌లో ట్రంపెట్ ఊదే ఓ కుర్రాడిది. పదిహేనేళ్ళుంటాయి. మూడు రోజులు ఇంటికి పంపిస్తే ఆ శనివారం బ్యాండ్ పోటీకి వెళ్ళడానికుండదు. వాడు తల వంచుకుని షూ లేసులు చూసుకుంటున్నాడు. పక్కన వాళ్ళమ్మ, కరీంనగర్ ఆవిడ, ఇండియన్ స్టోర్ కిచెన్‌లో రొట్టెలు చేసి అటునుంచి అటే వచ్చింది. వైస్ ప్రిన్సిపాల్ మేడమ్ గొంతు సవరించుకుని, మీ అబ్బాయి తల్లిదండ్రుల సంతకాన్ని ఫోర్జరీ చేశాడు అంది. నేను చెప్పడం పూర్తి కాకముందే ఆవిడ లేచి చేతులు జోడించింది. ఫోర్జరీ అన్న మాటకే ఆవిడ మనసులో పోలీసుల దాకా వెళ్ళిపోయినట్టుంది.

"మావోనిదే తప్పు మేడమ్. మీ బిడ్డ అనుకొని మీరే బుద్ధి చెప్పుండ్రి" అంది.

అలాగే ఇంగ్లీషులో అప్పజెప్పాను. మేడమ్ ఫారం తీసి పెన్ను క్యాప్ తిప్పింది. అంతే, వ్యవహారం అయిపోయింది. ఇంతకీ ఏ కాగితం మీద సంతకం? ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. నా కడుపు ఉబ్బిపోయింది. ఇక ఆపుకోలేక, తొణక్కుండా, ఆ తల్లే అడిగినట్టు, "ఆ కాగితం నేను చూడవచ్చా?" అని ఇంగ్లీషులో అనేశాను.

కుర్రాడు చటుక్కున తలెత్తాడు. వాడికి రెండు భాషలూ వచ్చు. మా అమ్మ అలా అనలేదని వాడు ఒక్క ముక్క చెబితే నా ఉద్యోగానికి నీళ్ళు వదులుకోవలసిందే. వాడు నన్నొకసారి చూసి మళ్ళీ లేసుల్లోకి దిగిపోయాడు.

మేడమ్ ఫైల్లోంచి కాగితం తీసింది. లెక్కల్లో మార్కులు తగ్గాయని ఇంటికి పంపిన చీటీ. అదేమిటో నేను చెప్పగానే వాళ్ళమ్మ నోరు తెరిచింది. "ఇదా? ఇది నేనే పెట్టుమన్న. చేతులకు పిండి ఉండె. ఈ దేశం వచ్చిన కానుంచి అన్నిట్ల వాడే పెడ్తడు. నా సంతకం నాకన్న వానికే మంచిగొస్తది."

నేను పొల్లు పోకుండా చెప్పాను. మరి ముందే ఎందుకు చెప్పలేదని మేడమ్ అడిగితే, వాడు నోట్లోనే, అమ్మకి ట్రబుల్ అవుతుందని చెప్పలేదు అన్నాడు. అదీ తెలుగులో చెప్పాను. ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుని ఇక వదల్లేదు.

సస్పెన్షన్ పోయి, ఒక సాయంత్రం స్కూల్లో ఆగిపోవడంతో సరిపెట్టారు. బ్యాండ్ పోటీ దక్కింది. అప్పుడు మేడమ్ నవ్వుతూ ఆ తల్లితో, మీరు కాగితం అడగడం మంచిదైంది అంది. రూలు ప్రకారం అది కూడా చెప్పాలి కదా, చెప్పాను. ఆవిడ అయోమయంగా నా వైపు తిరిగి, "నేనేడ అడిగిన బిడ్డా?" అంది.

రూలు ప్రకారం ఇదీ చెప్పాలి. ఉద్యోగంలో మొదటిసారి నాకు ఇంగ్లీషు మాట రాలేదు. కుర్రాడే మేడమ్ వైపు తిరిగి, మా అమ్మ థాంక్స్ చెబుతోంది అన్నాడు, తొణక్కుండా. బయటికొచ్చాక నా పక్కకి వచ్చి, "మీరు కూడా పెట్టేస్తారా ఆంటీ, అమ్మ సైన్?" అన్నాడు. (అప్పటికి నాకు పాతికేళ్ళు. ఆ ప్రశ్న కంటే ఆంటీ అన్నదే ఎక్కువ గుచ్చుకుంది.)

ఇప్పుడు నిజంగానే ఆంటీనయ్యాను. మూడో తరగతి చదివే మా అమ్మాయి స్కూల్ నుంచి ఏ కాగితం వచ్చినా మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి, నిదానంగా సంతకం పెడతాను. అంతసేపు ఎందుకని అది విసుక్కుంటుంది. ఆ గదిలో సంతకం పెట్టినవాణ్ణి పిలిచి నిలదీశారు గానీ, ఆ తల్లి అనని మాటే పెట్టేసిన నన్ను ఈ రోజుకీ ఎవరూ పిలవలేదని దానికెలా చెప్పను?