ఇద్దరికొక పెట్టె

జనపనార మిల్లు గేటు దగ్గర టైమ్‌కీపరుగా నేను తిట్టని మనిషి లేడు, ఒక్క సోములు తప్ప. వాడు రామతీర్థం వైపు నుంచి రోజూ అయిదు మైళ్లు సైకిలు తొక్కుకుంటూ, పొద్దుట ఆరింటి కూత వెయ్యకముందే వచ్చేసేవాడు. తొమ్మిదేళ్లుగా బదిలీ కూలీ. పర్మినెంటు మనిషి ఎవడైనా రాకపోతేనే ఆ పూట పని, లేదంటే వచ్చిన దారినే వెనక్కి.

లోపల నార దుమ్ము చెవుల్లోకి కూడా దూరుతుంది. అందుకని సైకిలు మీద వచ్చేవాళ్లు మంచి బట్టలు విప్పి ఇనుప పెట్టెలో పెట్టుకుని, నిక్కరూ బనీనూ తొడుక్కునేవారు. పర్మినెంటు వాడికి సొంత పెట్టె. బదిలీ వాళ్లకి మాత్రం ఇద్దరికొకటి, తాళం నా దగ్గర. సోములుకీ, మధ్యాహ్నం షిఫ్టు లక్ష్ముడికీ ఒకటే పెట్టె. సోములు మగ్గం దిగకముందే లక్ష్ముడు తన బట్టలు అందులో పడేసి నార నానబెట్టే షెడ్డుకి పోయేవాడు. మూడేళ్లలో ఒకరి చొక్కా ఒకరు చూశారు గానీ మొహాలు చూసుకోలేదు. ఇదేం దిక్కుమాలిన ఏర్పాటని మేనేజరుతో దెబ్బలాడాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

1968 వేసవిలో ఒకనాడు కబురొచ్చింది. పర్మినెంటు ఖాళీ ఒక్కటే ఉంది, సాయంత్రం అయిదింటికి ఆఫీసు కిటికీ తీస్తారు, ఎవరి బదిలీ కార్డు ముందు పడితే వాళ్లదే. రెండింటికి పని దిగిన సోములు, ఇంటికెళ్లి గంజి తాగి వస్తానన్నాడు. ఇక్కడే పడి ఉండరా అంటే విన్నాడు కాదు.

అయిదుంబావుకి ఒళ్లంతా చెమటతో దిగాడు.

"బాబూ, ఏటైపోనాదో నాకు తెలీడం నేదు. ఈ సొక్కా నాది కాదట. మా ఇంటిది తవిటమ్మ మెడపట్టీ సూసి సెప్పినాది. మా సాకలోడి గుర్తు ఇంటూమార్కు, దీనికి రెండు సుక్కలున్నాయి. జేబీలో కార్డుంది. అది నాదో కాదో నాకేటి తెలుస్తాది? సదివినోడి కోసం ఊరంతా తిరిగినాను. లక్ష్ముడని రాసుందట."

ఇద్దరూ ఎవరికి వారే మిల్లు కొట్లో ఒకే తాను గుడ్డ కొని కుట్టించుకున్నారు. తొందరలో వీడు వాడి చొక్కా తొడుక్కుపోయాడు.

"ఆడి కార్డు నానట్టుకుపోనాను బాబూ. పాపం, ఆడికి అన్నాయమైపోద్ది. ముందు ఇది కిటికీలో ఎయ్యండి" అన్నాడు.

నాకు వాడి మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. వాణ్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. గుమాస్తా కార్డు అందుకోకముందే వాడి పేరడిగి, పడిన కార్డుల వరస రాసుకున్న కాగితం చూశాడు.

"సోములువా? అందరికంటే ముందు నీ కార్డే పడింది. ఖాళీ నీదే" అంటూ కొత్త పెట్టె తాళంచెవి వాడి చేతిలో పెట్టాడు.

సోములు తాళంచెవి వంక చూశాడు, నా వంక చూశాడు. "నాను ఇప్పుడే కదా వచ్చినాను. మరి నా కార్డు ఎవుడేసినాడు?"

అప్పుడు తట్టింది నాకు. అయిదింటి టీ గంటకి లక్ష్ముడు పరుగున వస్తే పెట్టె తాళం తీసిచ్చింది నేనే. వాడు తనదనుకున్న చొక్కా జేబులో చెయ్యి పెట్టి, దొరికిన కార్డు తెచ్చి కిటికీలో వేశాడు. చదువు వాడికీ రాదు. జరిగింది గుమాస్తాకి చెప్పాను. "కార్డు మీద పేరు చూస్తాం గానీ, వేసిన చెయ్యి చూస్తామా?" అని కిటికీ మూసేశాడు.

"ఆడు ముందొచ్చి, నాకెలాగొచ్చినాది బాబూ?" అని సోములు అడుగుతూనే ఉన్నాడు.

అప్పుడే గేటు పక్క టీ కొట్టు దగ్గర్నుంచి లక్ష్ముడు గ్లాసుతో వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"నా కార్డే మొదటిది బాబూ, నా కళ్లతో సూసినాను. ఈ బావెవరు?"

"నాను సోముల్ని. నీ పెట్టెలోనోణ్ణి" అన్నాడు సోములు, తాళంచెవి పిడికిట్లో దాచుకుని.

లక్ష్ముడు గ్లాసు నా బల్ల మీద పెట్టి, వాణ్ని గట్టిగా వాటేసుకున్నాడు.

"ఇన్నాళ్లూ ఇరుకులో సర్దుకున్నావు బావా. రేపట్నుంచి ఆ పెట్టె నీ ఒక్కడిదే" అన్నాడు.