ముకాదం ఒప్పుకోని జోడీ

ఉదయం ఏడున్నరకు బొంబాయి ఫోరస్ రోడ్డు మూల మీద కూలీల ముకాదం ఒకడు నన్ను ఎగాదిగా చూసి, భార్య స్థానానికి పనికిరానని తేల్చేశాడు. ఇరవై రెండేళ్లుగా పత్రికలో ఉన్నాను. నా రాతలు తిరిగొచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి కానీ, మనిషినే తిప్పి పంపడం అదే మొదలు.

కామాటిపురా తెలుగు కూలీల మీద రాసుకు రమ్మన్నాడు మా సంపాదకుడు. నేను టికెట్టు కొనకముందే శీర్షిక ఖాయమైపోయింది: ‘బొంబాయిలో తెలుగువారి కన్నీళ్లు’. ఇక కన్నీళ్లు పట్టుకురావడమే నా పని. సాయంత్రం నాంపల్లిలో బండెక్కాను. కిష్టయ్య అనే బొంబాయి కూలీ తాండూరులో ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ఆయనది కోస్గి దగ్గర పల్లె. ఇంటికప్పు మార్పించడానికి ఒక్కడే వచ్చి, నెలన్నర ఉండి, మళ్లీ పనికి పోతున్నాడు. తెల్లవారాక దౌండ్ దగ్గర నాకు జొన్నరొట్టె, పల్లికారం పెట్టాడు. బదులుగా నేను ప్రశ్నల జాబితా తీశాను.

ఆయనా, భార్య ఎల్లమ్మా పదకొండేళ్లుగా జోడీ. కూలీలను కుదిర్చి తీసుకుపోయే ముకాదం విడిమనిషిని ఒప్పుకోడు. పార పట్టే మగమనిషి, తట్ట మోసే ఆడమనిషి కలిసి వస్తేనే పని. ఇద్దరి కూలీ మగవాడి చేతికే వస్తుంది.

“ఆమె లేకుంటే నా పార పారనే కాదు సారూ” అన్నాడు.

అన్యోన్య దాంపత్యం అని నోటుబుక్కులో రాసుకుని, కింద గీత కూడా గీశాను.

మధ్యాహ్నం దాదర్‌లో దిగి బస్సులో నాగ్‌పాడా చేరాం. లాడ్జిలో సంచీ పడేసి, కామాటిపురా పదకొండో గల్లీలో వాళ్లుండే ఒంటిగదుల చాల్ మెట్లెక్కాను. గదికి తాళం. ఎల్లమ్మ పనికి పోయిందని పక్కింటామె చెప్పింది. జోడీలో ఒకరు ఇక్కడుంటే రెండో మనిషి ఏ పనికి పోయిందో కిష్టయ్యకు అర్థం కాలేదు.

ఆరింటికి ఆమె వచ్చింది. వేళ్లకు మైదాజిగురు ఎండిపోయి ఉంది. నాగ్‌పాడాలో గాజులకు అట్టపెట్టెలు అంటించే కార్ఖానాలో చేరి నెల అయిందట. ఫ్యాను కింద కూర్చుని చేసే పని. వారం వారం డబ్బు ఆమె చేతికే ఇస్తారు. తట్ట ఇక ఎత్తనంది. గట్టిగా కూడా కాదు, బియ్యంలో రాళ్లు ఏరుతూ అంది.

“మరి నేనేం జెయ్యాలె?” అన్నాడు కిష్టయ్య.

“నాకా మీద నిలబడు. దొరికిన పని జెయ్యి.”

దొరకడమే కష్టం. మిల్లులు మూతబడ్డాక ఆ కార్మికులు కూడా పొద్దున్నే నాకాకు, అంటే కూలీలు పని కోసం నిలబడే ఆ ఫోరస్ రోడ్డు మూలకే, వస్తున్నారు. అందుకే ముకాదంలకు ఎంపిక ఎక్కువైంది.

మర్నాడు నేనూ వెళ్లాను. కిష్టయ్య అలవాటు కొద్దీ పారతోపాటు తట్ట కూడా తెచ్చాడు. నాలుగు నెలలు సాగే పెద్ద బిల్డింగు పని ఉందని, శనివారం దాకా ఆగుతానని, జోడీతో రమ్మని ముకాదం చెప్పాడు. అప్పుడు నాలోని విలేకరి నిద్రలేచాడు. తట్ట అందుకుని, ఈ ఒక్కరోజుకు నేను వస్తానన్నాను.

“చేతులు చూపియ్ భావూ” అన్నాడు ముకాదం. నా అరచేయి బొటనవేలితో నొక్కి చూశాడు. “పెన్ను పట్టిన కాయ ఒక్కటే ఉన్నది. గిది తట్టకు చాలదు.”

వరసంతా నవ్వింది. ఆ రోజు కిష్టయ్యకు ఏ పనీ దొరకలేదు.

పొద్దున పోయిన పరువును సాయంత్రం రాజీతో రాబట్టుకుందామనుకున్నాను. పదకొండేళ్ల జోడీ గురించి, సంసారం గురించి ఎల్లమ్మకు పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆమె ఓపిగ్గా విని, మీ ఇంటామె ఏం పని చేస్తదని అడిగింది. టీచరు అన్నాను.

“మీ యెంట పేపరాఫీసుకు రాదా?”

“రాదు.”

“మరి మీకు పనెట్ల ఇస్తున్నరు సారూ?”

ముందు నవ్వింది కిష్టయ్యే. ముందు ఆపిందీ ఆయనే. నా భార్య ఉద్యోగంలో చేరిన రోజు, నాకు పదింటి కాఫీ ఎవరిస్తారని నేను అడిగిన సంగతి అక్కడ చెప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం తిరుగుబండి. పుణె దాటాక కాగితాలు ముందేసుకున్నాను. కన్నీళ్లు ఎక్కడా దొరకలేదు. నోటుబుక్కులో ఉన్నవన్నీ నేను పొరబడిన చోట్లే. ‘అన్యోన్య దాంపత్యం’ కింద గీసిన గీత మాత్రం చక్కగా, తిన్నగా ఉంది. కొట్టివేయబుద్ధి కాలేదు. అలా ఉంచబుద్ధీ కాలేదు.

ఆ ఉదయం స్టేషనుకు వెళుతూ చూశాను. ఎల్లమ్మ కార్ఖానాకు పోయే దారిలో నాకా దగ్గర ఆగి, మొగుడికి రొట్టెల మూట ఇచ్చి, కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. ముకాదం చెప్పిన గడువు ఇంకొక్క రోజే ఉంది. కిష్టయ్య భుజాన పార ఉంది. తట్ట కూడా తెచ్చి కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు.