అడ్డాకు మాస్కు

స్వైన్‌ఫ్లూ వచ్చిన ఏడాది, మాస్కు లేనివాళ్లు బస్సెక్కకూడదని భద్రాచలంలో పంచాయతీ వాళ్లు చాటింపు వేయించారు. నేనెక్కిన చర్ల బస్సు కదలబోతుంటే, అడ్డాకుల కట్టతో వచ్చిన ఒక అవ్వను కండక్టర్ మెట్టు మీదే ఆపేశాడు.

"చర్ల దవాఖానాల నా బిడ్డకు నొప్పులొస్తున్నయి. నేను పోవాలె."

"మాస్కు లేకుంట ఎట్లెక్కుతవ్ అవ్వా?"

ఆమె రెండాకులు లాగి, విస్తరి కుట్టినట్టే పుల్లతో కుట్టి, నారతో ముక్కుకు కట్టుకుంది.

"గిది విస్తరి," అన్నాడు.

"నేను ముక్కు మూసిన. నీది గడ్డానికున్నది. ఇద్దర్ల ఎవలు దిగాలె?"

కండక్టర్ తన మాస్కు పైకి లాక్కుని రైట్ చెప్పాడు.

చర్ల చేరేసరికి బస్సు బస్సంతా ఆకు మాస్కులేనని నేను చెబుతుంటాను. అది నమ్మకండి. పక్కన కూచుని నా ఒళ్లో పెట్టిన కట్టను అక్కడే మరిచిపోయి, ముక్కుకు ఆకుతోనే ఆమె దవాఖానాకు పరుగెత్తింది. అది నమ్మండి.