ఉరి తప్పించిన కీర్తన

సిడ్నీలో పుట్టి కూడా తెలుగు చదవగల ఏకైక పిల్ల మా ఎల్సా అని మా సంఘమంతా చాలాకాలం నమ్మింది. క్వేకర్స్ హిల్‌లో ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు తెలుగు ఆరాధన జరుపుకుంటాం. ఎల్సా ముందుకొచ్చి, పెద్దక్షరాల బైబిలు గ్రంథం రెండు చేతులా పట్టుకుని యాభై ఒకటో కీర్తన గడగడా చదివేది. కళ్ళు వరసల వెంట కదిలేవి. సరిగ్గా రావలసిన చోట పేజీ కూడా తిప్పేది.

ఆ తర్వాత బిర్యానీ దగ్గర మిగతా తల్లులం మా పిల్లల్ని సాధించేవాళ్ళం. "ఎల్సా అక్కని చూసి బుద్ధి తెచ్చుకోరా" అని నేనూ మా డేనీని వాయించినదాన్నే. ఎల్సా తల్లి వసంతకుమారి మాత్రం ప్లేటు పట్టుకుని, ఏమీ ఎరగనట్టు నవ్వుతూ నిలబడేది. ఆవిడ నర్సు. మామూలుగానే నిటారుగా నడిచే మనిషి, కూతురు చదివిన రోజున మెడ మరికాస్త లేచేది.

అసలు సంగతేమిటంటే ఎల్సాకి అ ఆలు కూడా రావు. చిన్నప్పుడు పక్కలో పడుకోబెట్టుకుని తల్లి ఆ కీర్తన చెబుతుంటే విని పట్టేసింది. మిగతాదంతా నటన. ఈ సంగతులన్నీ తర్వాత ఎల్సాయే నాకు చెప్పింది.

యూనివర్సిటీలో ఆ పిల్ల హిస్టరీ తీసుకుంది. "ఐటీ తీసుకోవే తల్లీ" అని మేమంతా ఉచిత సలహాలు పారేశాం, వినలేదు. రెండో ఏడాది మధ్యయుగాల యూరప్ పాఠం వచ్చింది. ఆ రోజుల్లో చదువు చర్చి గుప్పిట్లో ఉండేది. బడులు చర్చివి, పుస్తకాలు చర్చివి, లాటిన్ ఎక్కువగా మతగురువులకే వచ్చు. మామూలు జనం పని వినడం, ఆమేన్ అనడం. ఇంగ్లండులో దొంగతనం చేసి దొరికితే ఉరే. కానీ మతగురువైతే మామూలు కోర్టు ఉరి తీయకూడదు, బిషప్‌కి అప్పగించాలి. మరి వీడు గురువని తేలేదెలా? ఓ పుస్తకం ఇచ్చి చదవమనేవాళ్ళు. చదివితే గురువు కిందే లెక్క, మెడ దక్కినట్టే. ఎక్కువగా చదివించేది ఒకే కీర్తన. అందుకని అక్షరం ముక్క రాని దొంగలు దాన్ని బట్టీ పట్టి, పుస్తకం ముందు కళ్ళు తిప్పుతూ అప్పజెప్పి బయటపడేవాళ్ళట. జడ్జికి అనుమానమొచ్చి ఇంకో పేజీ తెరిస్తే మాత్రం అంతే సంగతులు.

క్లాసంతా నవ్వింది. ఎల్సా అందరికన్నా గట్టిగా నవ్వింది. అది ఏ కీర్తనో లెక్చరర్ చెప్పగానే ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది.

సరిగ్గా ఆ వారమే మా సంఘపెద్ద గిడియన్ గారికి ఉత్సాహం పుట్టుకొచ్చింది. ఆయన గుంటూరులో తెలుగు మాస్టారు, ఇక్కడికొచ్చాక బస్సు నడిపి రిటైరయ్యారు. చేతిలో బెత్తం పోయినా గొంతులో ఉండిపోయింది. పిల్లలకి తెలుగు బడి పెడుతున్నాం, టీచరు ఎల్సా అని ప్రకటించారు. వచ్చే ఆదివారం ఆమె ఓ కొత్త భాగం చదివి బడి ప్రారంభిస్తుంది, ఏ భాగమో అప్పటికప్పుడు చెబుతానన్నారు. అందరం చప్పట్లు కొట్టాం.

ఇంటికెళ్ళగానే ఎల్సా తల్లి కొంగు పట్టుకుంది. "మమ్, సండేలోపు నాకు లెటర్స్ నేర్పు, ప్లీజ్. నాకు రీడింగ్ రాదని నీకు తెలుసు కదా!"

"ఇవాళ డ్యూటీ ఉందే" అంది వసంతకుమారి. మర్నాడు తలనొప్పి. ఆ మర్నాడు కళ్ళజోడు కనిపించలేదు, అది నెత్తిమీదే ఉంది. శనివారం ఎల్సా గ్రంథం తెరిచి తల్లి ఎదుట కూర్చుంది. "జస్ట్ వన్ లెటర్, మమ్. ఇదేంటో చెప్పు." వసంతకుమారి ఆ అక్షరాన్ని చాలాసేపు చూసి, పాలు పొంగుతున్నాయంటూ లేచి వెళ్ళిపోయింది. స్టవ్వే వెలిగించలేదు.

ఆదివారం గిడియన్ గారు పేజీ తెరిచి, ఇక్కణ్ణించి అని వేలు పెట్టి చూపించారు. ఎల్సా ఓసారి చూసి గ్రంథం మూసేసింది.

"అంకుల్, ఐ కాంట్ రీడ్ ఇట్. నాకు తెలుగు చదవడం ఎప్పుడూ రాలేదు. ఆ ఒక్క కీర్తన బై హార్ట్, అంతే. పాత రోజుల్లో అయితే నన్ను హ్యాంగ్ చేసేవాళ్ళు."

మా డేనీ మొహం పండగలా వెలిగిపోతోంది. గిడియన్ గారు గొంతు సవరించుకున్నారు. "ఇంతకాలం సంఘాన్ని మోసం చేశావా అమ్మాయ్? మీ అమ్మ నీకు నేర్పలేదా?"

తలలన్నీ వసంతకుమారి వైపు తిరిగాయి. నేర్పబోతే ఇది నేర్చుకోలేదండీ అంటే సరిపోయేది, పిల్లల్ని కన్నవాళ్ళం గనుక మేమంతా నమ్మేవాళ్ళం. ఆవిడ లేచి నిలబడింది.

"దాన్ననకండి బ్రదర్. నాకొస్తే కదా దానికి నేర్పడానికి! మా నాన్నగారిది ఖరగ్‌పూర్ రైల్వేలో ఉద్యోగం, నా చదువంతా ఇంగ్లీషులోనే. తెలుగు ఇంట్లో మాట్లాడుకోడానికే. ఆ కీర్తన మా అమ్మ నోటెంట విని నేర్చుకున్నా. ఇక్కడ పక్కావిడ ఏ పేజీ తిప్పితే నేనూ ఆ పేజీ తిప్పుతున్నానండి, ఇన్నేళ్ళుగా."

ఆ పక్కావిడ నేనే. కోపం రావాలి గానీ రాలేదు. ఏడుపొచ్చింది.

గిడియన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత గొంతులోని బెత్తం బయటికి తీశారు. "సరే. బడి నేనే చెబుతాను. తల్లీ కూతుళ్ళు ముందు వరసలో కూర్చోవాలి. ఆలస్యంగా వస్తే ఊరుకోను."

అలా మొదలైంది. చిన్నపిల్లల కుర్చీల్లో ఇరుక్కుని ఇద్దరూ అ ఆలు దిద్దారు. వాళ్ళ వెనకే కూర్చోబెట్టిన మా డేనీకి అక్షరాలు ముందుగా వచ్చేశాయి. ఎల్సా తప్పులు వాడు దిద్దుతుంటే ఇన్నాళ్ళ బాకీ తీరినట్టుంది వాడికి.

మరుసటి ఏడు ఓ ఆదివారం ఆరాధనలో ఆ కీర్తన చదవమని వసంతకుమారిని పిలిచారు. కళ్ళు మూసుకుని చెప్పినా ఒక్క మాట తప్పు పోదు ఆవిడకి. అయినా గ్రంథం తెరిచి, అక్షరం కింద వేలు పెట్టి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదివింది. అవతల బిర్యానీ చల్లారిపోయింది, ఒక్కరూ కదల్లేదు. ఒక పెద్ద మాట దగ్గర వేలు ఆగింది. పక్కనే నిలబడ్డ ఎల్సాకి ఆ మాట నోటి చివరే ఉంది. పెదాలు బిగబట్టుకుని, అమ్మ చదివేదాకా ఆగింది.