వినాయకుడి కంటే ముందు మంగళం

ఆ రోజుల్లో నాకు ఓ గట్టి నమ్మకం ఉండేది. అమలాపురంలో మందుల షాపు మేడమీద మా దూరపు మావయ్యగారు పెట్టిన నాలుగు కుర్చీల సాఫ్ట్‌వేర్ ఆఫీసు నా తెలివి మీదే నడుస్తోందని. (నిజానికి నేనూ, పక్క కుర్చీలోని టీచరుగారి అమ్మాయీ ట్రైనీలం. రాజోలు కాలేజీవాళ్ళు మా లైబ్రరీ ప్రోగ్రాం ఒప్పుకుంటే ఇద్దరిలో ఒకరి ఉద్యోగం ఖాయం.) ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తోందో లేదో కంప్యూటరే చూసుకుని, పాసైతే పచ్చగా, ఫెయిలైతే ఎర్రగా చూపించే పరీక్షలు రాయడం మా పని. మావయ్యగారు వర్జ్యం చూడనిదే కంప్యూటర్ ముట్టుకోరు. ఆయన్ని మెప్పించడానికి, ఉత్తుత్తి విద్యార్థులను ఎక్కించే మొదటి పరీక్షకి ‘వినాయక’ అనీ, నడుమ పుస్తకం ఇచ్చేదానికీ తిరిగి తీసుకునేదానికీ ‘పుస్తకం ఒకటి’, ‘పుస్తకం రెండు’ అనీ, చివర్లో అంతా తుడిచేసేదానికి ‘మంగళం’ అనీ ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు పెట్టాను. ఆయన మురిసిపోయారు.

“ఏవండీ, మీరు ఒక్కోటీ నొక్కితే మీ వరసలో నడుస్తాయండి. అన్నీ ఒకేసారి నడిపితే పేర్లలోని ఏబీసీడీల వరసలో పోతాయండి,” అంది టీచరుగారి అమ్మాయి. “ఆయ్, చూద్దాం లెండి,” అన్నాను, చూడకుండానే.

కాలేజీ కరస్పాండెంటుగారు వచ్చిన రోజున మావయ్యగారు మంచి ఘడియ చూసి, అన్నిటినీ ఒకేసారి నడిపే బటన్ స్వయంగా నొక్కారు. ఏబీసీడీల్లో ‘వి’ కంటే ‘ఎం’ ముందు కదా, మొట్టమొదటే మంగళం పాడేసింది. పుస్తకం ఇద్దామంటే విద్యార్థి లేడు, తిరిగి తీసుకుందామంటే ఇచ్చిన పుస్తకం లేదు. నా పరీక్షలు వరసగా ఎర్రబడ్డాక, ఆఖర్న వినాయకుడొక్కడూ పచ్చగా ప్రత్యక్షమయ్యాడు. (ఆ అమ్మాయి రాసినవన్నీ పచ్చగానే ఉన్నాయి. ఎవరూ గమనించలేదు, నేను తప్ప.)

“అదేటండీ, హారతిచ్చేసేక గణపతిని పిలిచేరు?” అన్నారు కరస్పాండెంటుగారు.

గబగబా వినాయకుడి పేరు ముందు ‘ఆయ్’ తగిలించాను (ఇంగ్లీషులో రాస్తే దాని మొదటి అక్షరం ‘ఏ’నే, మా కోనసీమలో ఏ మాటకైనా ముందు పలికేదీ అదే). మంగళానికి ముందు రెండు జెడ్‌లు పెట్టాను. ఈసారి తెరంతా పచ్చబడింది. “మనవాడి బుర్రే బుర్రండి,” అని మావయ్యగారు నా భుజం తట్టారు. కాలేజీవాళ్ళు ఒప్పుకున్నారు, ఉద్యోగం నాకు ఖాయమైంది.

సాయంత్రం ఆ అమ్మాయి బ్యాగు సర్దుకుంటూ, “పేర్లు మార్చేరు గానీ, అవి ఇంకా ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకునే నడుస్తున్నాయండి. దేని ఏర్పాటు అది చేసుకోవాలి, దేని చెత్త అది ఎత్తుకోవాలి. అప్పుడు ఏ వరసైతే ఏంటండీ,” అంది. నాకు ఒళ్ళు మండింది. మూడు నెలల తర్వాత ఆమె ట్రైనీగానే వెళ్ళిపోయింది.

ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదటిరోజే చెప్పే పాఠం, దేని ఏర్పాటు అది చేసుకోవాలి, దేని చెత్త అది ఎత్తుకోవాలి అని. వాళ్ళు శ్రద్ధగా రాసుకుంటారు. అదంతా నా అనుభవమే అనుకుంటారు పాపం. నేనూ ఓ నవ్వు నవ్వి ఊరుకుంటాను.