మూసాపేట దాకా వెళ్ళిన పసుపు చీటీ

గత మంగళవారం పొద్దున మా మేడమ్ పోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసినప్పుడు నా ముందు ల్యాబు టైమర్ నడుస్తోంది. మూడో నిమిషం. "నిద్రలోనే ఆంటీ, ఏ బాధా లేకుండా" అంది ఆ పిల్ల. ఇంకో రెండు నిమిషాలకు టైమర్ మోగింది. కణాలున్న ప్లేటు తీసి ఐస్ మీద పెట్టి, ఆ తర్వాతే కూర్చుని ఏడ్చాను. అలా చేయడం సరైనదో కాదో తెలియదు. ఆవిడ ఉంటే మాత్రం, "ఏడుద్దువు గాని, ప్లేటు ఐస్ మీద పెట్టినవా లేదా, ముందది చెప్పు" అనేవారు.

హైటెక్ సిటీలో మందుల మీద పరిశోధన చేసే మా చిన్న ల్యాబుకు ఆవిడ పెద్ద. రెండేళ్ళ కిందటే రిటైరయ్యారు. పిల్లల కోసం పదకొండేళ్ళు ఇంట్లో ఉండిపోయిన నన్ను, నలభై దాటాక, ఆరు నెలలు చూద్దామని పనిలోకి తీసుకున్నది ఆవిడే. చుట్టూ సాఫ్ట్‌వేర్ వాళ్ళ అద్దాల మేడలు. మధ్యలో మేం క్యాన్సర్ కణాలు పెంచుకుంటూ ఉండేవాళ్ళం. మేడమ్ వాటిని "పిల్లలు" అనేవారు. ప్రయోగానికి ముందురోజు వాటికి పోషణ తగ్గించాలి, అప్పుడే సద్దుమణుగుతాయి. "ఇయ్యాల పిల్లలకు ఉపాసం. మీరు మాత్రం తినుర్రి" అంటూ తన డబ్బాలోని జొన్నరొట్టె తుంచి అందరికీ పెట్టేవారు.

నేను చేరిన వారంలోనే ఆవిడ ఒక పాఠం చెప్పారు. పెరగమనే కబురు తెచ్చే పదార్థం కణం లోపలికి రాదు. పైపొర మీద కబురందుకునే రిసెప్టర్‌ను బయటి నుంచి పట్టుకుని ఊరుకుంటుంది. మరి కబురు లోపలికి ఎలా పోతుంది? మా ఆరుగురినీ వరుసగా నిలబెట్టి చేతుల్లో అంటుకునే పసుపు చీటీలు పెట్టారు. తను బయటికెళ్ళి తలుపు తట్టారు. తలుపు దగ్గరున్న ఇద్దరూ రిసెప్టర్లు. జతకట్టి ఒకరికొకరు చీటీ అంటించుకోవాలి. చీటీ పడినవాళ్ళే మేలుకుంటారు, అంటే 'ఆన్' అవుతారు; మేలుకున్నవాళ్ళే తర్వాతివాళ్ళకు అంటిస్తారు. అలా అంటించేవి కైనేజులు; కణంలో అసలు చీటీ ఫాస్ఫేటు. ఒకటి మేలుకుంటే ఎన్నిటినో లేపుతుంది కాబట్టి బయట చిన్న తట్టు లోపల పెద్ద గోలవుతుంది. వరుసలో చివరివాళ్ళు ఫ్రీజర్ గదిలోకి ఉరకాలి. అది కేంద్రకం, పెరగడానికి కావలసిన జన్యువులను తెరిచేది అక్కడే.

మేం నవ్వులాపుకోలేకపోతుంటే మేడమ్ లోపలికొచ్చి ఒక్కొక్క చీటీ పీకారు. "అంటించుడు ఒక్కటే నేర్చుకుంటే గదే క్యాన్సర్. పీకేటోళ్ళు గూడ ఉండాలె."

అన్నీ పీకారు, ఒక్కటి తప్ప. అది ఆవిడ వీపు మీదే ఉంది. ఆ గందరగోళంలో నేనే అంటించాను. చెబుదామా, కొత్తగా చేరినదాన్ని, ఏమనుకుంటారో అని ఆలోచిస్తుండగానే సాయంత్రమైంది, ఆవిడ వెళ్ళిపోయారు.

మర్నాడు ఆ చీటీ పట్టుకుని వచ్చారు. "ఏంది, మీకు కండ్లు లేవా? అమీర్‌పేటల మెట్రో మారి మూసాపేట దాకా ఆన్‌లనే పోయిన! ఒక్కరన్న పీకలే!"

"నేనేనండి. చెబుదామనుకున్నాను..."

"ఎప్పుడు చెబుదామనుకున్నవమ్మా, నేను రిటైరైనంకనా?"

నవ్వీ నవ్వీ ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నా తటపటాయింపు జబ్బు మాత్రం ఆవిడకు ఆ రోజే దొరికిపోయింది.

పెరగమనే పదార్థం వేశాక మా కణాల్లో ఆ కబురు ఐదో నిమిషానికి గట్టిగా ఉంటుంది. ఆపైన చీటీలు పీకేవి పీకేస్తుంటాయి. సరిగ్గా ఐదో నిమిషానికే ప్లేటు ఐస్ మీదికి వెళ్ళాలి, ఆ చలికి అన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. నేనేమో లేబుల్ చూసి, మళ్ళీ చూసి, కబురును ఆపుతుందేమోనని వేసిన మందు సరైనదేనా అని సీసా కూడా చూసేదాన్ని. ఈలోగా కబురు చల్లారిపోయేది. మందు వేయని ప్లేటులోనూ ఏమీ కనిపించకపోతే, కబురును ఆపింది మందో నా ఆలస్యమో ఎలా తేలుతుంది? మూడుసార్లు అలాగే పాడుచేశాను. ఆరు నెలల గడువుకు ఇక రెండు వారాలే ఉంది. మళ్ళీ ఇంటికేనని నాకు నేనే తేల్చుకుని మేడమ్ గదికి వెళ్ళాను.

"ఈ పని నాకు రాదేమోనండి. మానేస్తాను."

"వచ్చుడు పోవుడు నేను చెప్త. జర కూసో." రొట్టె డబ్బా నా వైపు జరిపారు. "అనుమానం మంచిదేనమ్మా. రిజల్ట్ వచ్చినంక ఎంతన్న పెట్టుకో. చేతులల్ల పెట్టుకోకు."

మర్నాడు నా వెనకే నిలబడ్డారు. ఐదో నిమిషం దాకా తనూ టైమర్‌నే చూశారు. టైమర్ మోగగానే "ఇగ పెట్టు" అన్నారు. నా చేతులు లేబుల్ చూడకుండానే కదిలాయి. కబురు ఎంత గట్టిగా ఉంటే తెర మీద గీత అంత నల్లగా పడుతుంది. ఆ సాయంత్రం మందు వేయని ప్లేటుకు చిక్కటి నల్లని గీత, మందు వేసినదానికి వెలిసిపోయిన గీత. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను, "రెండింట్లోనూ ప్రోటీన్ సమానంగానే తీసుకున్నానంటారా? అది తక్కువైనా గీత వెలిసిపోతుంది కదా" అన్నాను.

"గిదే! ఇప్పుడు పడు అనుమానం, ఎంత పడతవో పడు!" అని వీపు మీద ఒక్కటి చరిచారు. చూశాం. సమానంగానే ఉంది. నా ఉద్యోగమూ ఉండిపోయింది.

రిటైరైన రోజున ఆవిడకు కృతజ్ఞతలు చెబుదామనుకున్నాను. ఏమని చెప్పాలో తేల్చుకునేలోపే దండలు, ఫొటోలు, ఆటో వచ్చేయడం. ఆ తర్వాత ఫోన్‌లో చెప్పవచ్చుననుకున్నాను. ఇదిగో, ఇప్పుడు రాస్తున్నాను. ఐదో నిమిషం ఎప్పుడో దాటిపోయింది.

అయినా తలచుకుంటే నాకు కనిపించేది ఆవిడ వీపే. అమీర్‌పేట స్టేషన్‌లో సాయంత్రపు జనం మధ్య, భుజాన టిఫిన్ సంచితో మేడమ్ చకచకా మెట్లెక్కుతుంటారు. వీపు మీద పసుపు చీటీ రెపరెపలాడుతుంటుంది. ఎవరూ పీకరు.